ఫెర్రోయిన్ సీసా నుంచి డీఎన్ఏ దాకా

1999లో ‘జర్నల్ ఆఫ్ ఇనార్గానిక్ బయోకెమిస్ట్రీ’ అనే అంతర్జాతీయ పత్రికలో ఒక పరిశోధన పత్రం అచ్చయింది. అది మన అనంతపురం నుంచి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం నుంచి వెళ్లిన పత్రం. ఆచార్య కె. హుస్సేన్ రెడ్డి, ఆయన సహచరులు రాగి అయాను చుట్టూ సెమికార్బజోన్లు, థయోసెమికార్బజోన్లు అనే సేంద్రియ అణువులను, వాటితోపాటు పిరిడీన్‌ను అమర్చి కొన్ని సంశ్లిష్టాలు తయారుచేశారు. వాటిని డీఎన్ఏ ద్రావణంలో కలిపి, అవి డీఎన్ఏ పోగును తెంచుతాయా లేదా అని పరీక్షించారు. తెంచాయి. జీవ అకర్బన రసాయనశాస్త్రం మీద హుస్సేన్ రెడ్డిగారు ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకం తర్వాత 2003లో ఢిల్లీ నుంచి వెలువడింది.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణముంది. చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురం చుట్టుపక్కల పల్లెల పిల్లలు సైన్సు డిగ్రీ చదివి, ఎమ్మెస్సీకి అనంతపురం బస్సెక్కడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లలో చాలామంది వేరుశనగ చేను మీద ఆధారపడ్డ ఇళ్లవాళ్లు. వాన పడిన ఏడు ఫీజు సమయానికి కడతారు, పడని ఏడు గడువు అడుగుతారు. డిగ్రీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక వాళ్ల మనసులో మాట నాకు తెలుసు. డీఎన్ఏ, కేన్సర్ మందు, పరిశోధన అంటే అవన్నీ బెంగళూరులోనో అమెరికాలోనో జరిగే పనులని అనుకుంటారు. అది నిజం కాదని చెప్పాలని ఉంది. చెప్పడానికి వాళ్లు రోజూ చేత్తో పట్టుకునే ఒక సీసాయే చాలు.

డిగ్రీ ప్రయోగశాలలో ఫెర్రస్ ఇనుమును సీరిక్ ద్రావణంతో అంచనా కడతాం. అప్పుడు శంకువు కుప్పెలో రెండు మూడు చుక్కలు వేసే ఎర్రటి సూచిక పేరు ఫెర్రోయిన్. బ్యూరెట్ నుంచి చివరి చుక్క పడగానే ఆ ఎరుపు పోయి లేత నీలం వస్తుంది. ఫెర్రోయిన్ ఒక లోహ సంశ్లిష్టం. నడుమ ఇనుము అయాను, చుట్టూ మూడు ఫినాంత్రోలిన్ అణువులు. ఫినాంత్రోలిన్ అంటే మూడు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న పలచని, చదునైన అణువు. అందులో పక్కపక్కనే ఉండే రెండు నైట్రోజన్ పరమాణువులు లోహాన్ని రెండు వైపులా పట్టుకుంటాయి. ఇలా లోహాన్ని పట్టుకునే అణువులను లైగాండ్లు అంటాం. ఇనుముతో కలిసినప్పుడు ఫినాంత్రోలిన్ పిల్లల చేతిలో సూచిక. రాగితో కలిస్తే డీఎన్ఏను తెంచుతుంది. రుథీనియంతో కలిసినప్పుడు ఒక తెలుగు శాస్త్రవేత్త పేరును ప్రపంచ రసాయనశాస్త్రంలో నిలబెట్టింది. మూడు చోట్లా లైగాండ్ ఒక్కటే.

ఆ కథలోకి పోయేముందు డీఎన్ఏ తీరు కొంచెం తెలియాలి. పెనవేసుకున్న రెండు పోగులు, కలిపి 2 నానోమీటర్ల మందం. ఒక్కో పోగుకూ వెలుపలి వెన్ను చక్కెరతోనూ ఫాస్ఫేటుతోనూ కట్టి ఉంటుంది. లోపలి వైపు నత్రజని క్షారాలు జతలు జతలుగా, ఒక జత మీద ఒక జత, 0.34 నానోమీటర్ల ఎడంతో పేర్చి ఉంటాయి. మెలిక వెంట బయట ఒక పెద్ద గాడి, ఒక చిన్న గాడి నడుస్తాయి. మనిషి కణం ఒక్కదాంట్లో ఉన్న ఈ పోగులన్నీ సాగదీసి వరుసగా పెడితే సుమారు 2 మీటర్లు.

ఫాస్ఫేట్ గుంపుల మీద ఋణావేశం ఉంటుంది. అందుకే ధనావేశమున్న ఏ లోహ అయాను దగ్గరికొచ్చినా డీఎన్ఏ దాన్ని లాక్కుంటుంది. మన కణాల్లో మెగ్నీషియం అయాన్లు ఎప్పుడూ ఆ వెన్నును అంటిపెట్టుకునే తిరుగుతుంటాయి. ఫాస్ఫేట్ మాట వచ్చింది కాబట్టి యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో హార్వర్డ్‌లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేట్ మాలిబ్డినంతో కలిసి ఇచ్చే నీలిరంగు ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఉన్నట్టు. ఆ పద్ధతికి ఆధారం కూడా లోహ సంశ్లిష్టమే. తర్వాతి రోజుల్లో ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలలు దాన్నే వాడాయి.

వెన్నులోని ఫాస్ఫేట్ బంధం అసాధారణంగా గట్టిది. మామూలు నీటిలో, మామూలు వేడిలో, ఏ సాయమూ లేకుండా అది దానంతటది తెగాలంటే, సగం బంధాలు తెగడానికి సుమారు 3 కోట్ల ఏళ్లు పడుతుందని లెక్క వేశారు. అంత గట్టి బంధం కనుకనే తరాల తరబడి వంశ సమాచారం చెదరకుండా వస్తోంది. అటువంటి పోగును ఒక లోహ సంశ్లిష్టం గంటసేపట్లో తెంచేస్తుందంటే, అది ఎలా తెంచుతుందో తెలుసుకోవలసిందే.

అయితే ఒక విషయం ఇక్కడే గట్టిగా చెప్పాలి. లోహం డీఎన్ఏను పట్టుకోవడం వేరు, తెంచడం వేరు. ఈ రెండూ కలిపేసి మాట్లాడితే మందుల సంగతీ అర్థం కాదు, పరిశోధన సంగతీ అర్థం కాదు. ఎంతోమంది ప్రాణాలు నిలిపిన ఒక లోహ మందు డీఎన్ఏను అసలు తెంచదు. పట్టుకుంటుంది, అంతే.

అది సిస్‌ప్లాటిన్. చిలమత్తూరు నుంచి కొడికొండ చెక్‌పోస్టు మీదుగా బెంగళూరు రోడ్డు పట్టి కేన్సర్ ఆసుపత్రులకు పోయివచ్చే కుటుంబాలకు కీమో అనే మాట కొత్త కాదు. ఆ కీమో సీసాల్లో చాలాసార్లు ఉండేది ప్లాటినం. నడుమ ప్లాటినం అయాను, ఒక పక్క రెండు అమ్మోనియాలు, ఇంకో పక్క రెండు క్లోరైడ్లు, అంతే మందు. మిచేలే పెయ్రోనే అనే ఇటలీ రసాయనవేత్త దీన్ని 1845లోనే తయారుచేశాడు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దాని ఆకృతి ఊహించి చెప్పాడు. మందుగా దాని సంగతి మాత్రం 1965 దాకా ఎవరికీ తెలియదు. అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా పెరుగుదల మీద విద్యుత్ ప్రభావం చూస్తున్నాడు. బ్యాక్టీరియా విభజన ఆపేసి పొడుగాటి దారాల్లా పెరిగాయి. వెతుక్కుంటూ పోతే కారణం విద్యుత్ కాదని తేలింది. ఏ మార్పూ చెందదనుకున్న ప్లాటినం ఎలక్ట్రోడ్ కొద్దికొద్దిగా కరిగి, ద్రావణంలోని అమ్మోనియాతో, క్లోరైడ్‌తో కలిసి సంశ్లిష్టంగా మారింది. కణవిభజనను ఆపింది అదే. విభజన ఆపగలిగితే కేన్సర్ కణాన్నీ ఆపుతుందేమో అని ఆయన ఎలుకల మీద పరీక్షించాడు. 1978లో అమెరికాలో అది వృషణాల, అండాశయాల కేన్సర్లకు మందుగా అనుమతి పొందింది.

అది పనిచేసే తీరు చక్కనిది. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ, అందువల్ల అక్కడ మందు చెక్కుచెదరదు. కణం లోపల క్లోరైడ్ చాలా తక్కువ. అక్కడికి చేరాక ప్లాటినం తన క్లోరైడ్లను వదిలి నీటిని పట్టుకుంటుంది. ఆ నీటిని తోసేసి డీఎన్ఏలోని గ్వానీన్ అనే క్షారం దగ్గరికి వస్తుంది. గ్వానీన్‌లో ఏడో స్థానంలో ఉన్న నైట్రోజన్ పెద్ద గాడిలోకి తెరుచుకుని ఉంటుంది. ఒకే పోగు మీద పక్కపక్కనున్న రెండు గ్వానీన్ల నైట్రోజన్లను ప్లాటినం ఒకేసారి పట్టుకుంటుంది. దాంతో డీఎన్ఏ అక్కడ వంగిపోతుంది. ఆ వంపును కణంలోని ప్రోటీన్లు గుర్తుపడతాయి, నకలు తీసే పని ఆగిపోతుంది, సరిచేయలేకపోతే కణం తనంతట తానే చనిపోతుంది. పోగు తెగిన చోటు ఎక్కడా లేదు. మందుకు మూత్రపిండాలను, చెవి లోపలి కణాలను దెబ్బతీసే గుణమూ ఉంది. అందుకే ముందూ వెనకా సెలైన్ సీసాలు ఎక్కిస్తారు. పక్కన కూర్చున్న ఇంటివాళ్లు ఈ నీళ్లెందుకని అడుగుతుంటారు. ఆ నీళ్లు మూత్రపిండాలను కాపాడటానికే.

ప్లాటినం నేరుగా క్షారంతో బంధం కట్టుకుంటుంది. ఫినాంత్రోలిన్ సంశ్లిష్టాలు అలా చేయవు. వాటి పట్టు వేరు. డీఎన్ఏ గాడిలో ఒరుసుకుని కూర్చోవచ్చు, వెన్ను మీది ఋణావేశానికి అంటుకుని ఊరుకోవచ్చు, లేదంటే చదునైన లైగాండ్‌ను రెండు క్షార జతల నడుమకు దూర్చవచ్చు. ఈ మూడో పద్ధతిని 1961లో లియొనార్డ్ లెర్మన్ అనే శాస్త్రవేత్త అక్రిడీన్ రంగుల మీద పనిచేస్తూ ప్రతిపాదించాడు. మా ఊళ్లో బండలు పేర్చిన గోడలో రెండు బండల నడుమ ఒక పలకను దూరిస్తే గోడ ఆ పలక మందమంత ఎత్తు పెరుగుతుంది. డీఎన్ఏ కూడా అంతే, చొరబడిన ప్రతి అణువుకూ కొంచెం పొడుగవుతుంది, కొంచెం మెలిక విప్పుకుంటుంది. పొడుగైన డీఎన్ఏ ఉన్న ద్రావణం చిక్కబడుతుంది. చిక్కదనాన్ని, అంటే స్నిగ్ధతను కొలిస్తే చాలు, అణువు లోపలికి దూరిందో లేదో తెలిసిపోతుంది.

ఇక రుథీనియం. రుథీనియం అయాను చుట్టూ మూడు ఫినాంత్రోలిన్లు అమరిన సంశ్లిష్టం ఫెర్రోయిన్‌కు తోబుట్టువే, ఇనుము స్థానంలో రుథీనియం ఉంది, అంతే తేడా. ఇది అద్దంలో ప్రతిబింబంలా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి డెల్టా, ఇంకొకటి లాంబ్డా. అమెరికాలో జాక్వెలిన్ బార్టన్ బృందం 1980లలో ఈ సంశ్లిష్టం తన ఫినాంత్రోలిన్‌ను క్షార జతల నడుమకు దూరుస్తుందని, కుడివైపు మెలిక తిరిగే డీఎన్ఏకు డెల్టా రూపం బాగా సరిపోతుందని చెప్పింది. చాలామంది ఒప్పుకున్నారు, కొందరు అడ్డం తిరిగారు. డీఎన్ఏ కలిపినప్పుడు సంశ్లిష్టం వర్ణపటాల్లో వచ్చే చిన్న చిన్న మార్పులను ఎవరికి తోచినట్టు వాళ్లు వివరించుకోవచ్చు కాబట్టి వాదన తెగలేదు.

1992లో ‘బయోకెమిస్ట్రీ’ పత్రికలో ఎస్. సత్యనారాయణ, జేమ్స్ డాబ్రోవియాక్, జొనాథన్ చేర్స్ రాసిన పత్రం వచ్చింది. డెల్టా రూపం గానీ లాంబ్డా రూపం గానీ సాంప్రదాయిక పద్ధతిలో క్షార జతల నడుమకు దూరవని ఆ పత్రం శీర్షికలోనే రాసి ఉంది. మొదటి పేరు సత్యనారాయణగారిది. ఆయనే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండి, రుథీనియం సంశ్లిష్టాల మీద తరాల తరాల పరిశోధక విద్యార్థులకు దారి చూపారు.

తీర్పు చెప్పిన సాధనం ఏమిటో తెలుసా? విస్కోమీటర్. మన డిగ్రీ కళాశాలల భౌతిక రసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో ఉండే గాజు గొట్టమే. దాని నడుమ వెంట్రుక సన్నని రంధ్రం, పైన ఒక ఉబ్బు, ఆ ఉబ్బుకు పైనా కిందా రెండు గీతలు. దాన్ని నిలకడైన వేడిలో ఉన్న నీటి తొట్టిలో నిలువుగా నిలబెడతారు. డీఎన్ఏ ద్రావణం పోసి పైకి పీల్చి వదిలితే, అది పై గీత నుంచి కింది గీత దాకా దిగడానికి పట్టే సమయాన్ని స్టాప్‌వాచీతో చూస్తారు. సంశ్లిష్టం కొంచెం కలపాలి, మళ్లీ చూడాలి. ఇంకొంచెం కలపాలి, మళ్లీ చూడాలి. ఒక్కో రీడింగు పలుమార్లు తీయాలి. వేడి అర డిగ్రీ కదిలినా, గాజులో దుమ్ము కణం ఇరుక్కున్నా లెక్క తప్పుతుంది. ఓపిక లేనివాడు ఈ పని చేయలేడు. ఎథిడియం బ్రోమైడ్ లాంటి నిజంగా చొరబడే అణువు కలిపినప్పుడు సమయం తప్పక పెరుగుతుంది. రుథీనియం సంశ్లిష్టం కలిపినప్పుడు పెరగలేదు. లాంబ్డా రూపంతో మార్పు లేదు, డెల్టా రూపంతో కాస్త తగ్గింది కూడా. తగ్గిందంటే డీఎన్ఏ వంగి పొట్టిదయిందని అర్థం. లైగాండ్ పూర్తిగా లోపలికి పోక, అంచు దగ్గర ఒరిగి కూర్చుని పోగును వంచి ఉంటుందని వాళ్లు వివరించారు.

ఈ పత్రం వచ్చాక ఏ దేశంలో ఎవరు కొత్త లోహ సంశ్లిష్టం డీఎన్ఏలోకి దూరుతుందన్నా, ముందు స్నిగ్ధత కొలిచావా అని అడగడం రివాజైంది. ఒక మామూలు గాజు గొట్టంతో తేల్చిన విషయం ఇన్నేళ్లుగా నిలబడిందంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది. పేద కళాశాల పిల్లలకు నేను పదేపదే చెప్పేదీ ఇదే కథ.

రుథీనియం కథ అక్కడ ఆగలేదు. ఫినాంత్రోలిన్ కంటే పొడవైన, దానికి మరి రెండు వలయాలు కలిపినట్టుండే డీపీపీజెడ్ అనే లైగాండ్‌ను పెడితే అది నిజంగానే లోపలికి దూరుతుంది. 1990లో బార్టన్ బృందమే చూపించిన విశేషం ఇది. ఆ సంశ్లిష్టం నీటిలో ఉన్నప్పుడు వెలగదు, డీఎన్ఏ కలిపిన వెంటనే వెలుగుతుంది. లోపల నీరు తగలదు కనుక వెలుగు చల్లారదు. ఈ లైగాండ్‌కు మార్పులు చేసి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య బి.జి. మైయా బృందం మంచి పని చేసింది.

ఇప్పుడు తెంచే సంగతి. దానికి రాగి దగ్గరికి రావాలి. రాగి మనకు కొత్తది కాదు. ద్రాక్ష, దానిమ్మ తోటలున్న రైతులు మైలుతుత్తాన్ని సున్నంతో కలిపి బోర్డో మందు చేసుకుంటారు. అక్కడ రాగి శిలీంధ్రాన్ని చంపేది ముఖ్యంగా దాని ఎంజైములను పట్టుకుని పాడుచేయడం వల్ల. డీఎన్ఏను తెంచే పని దానికి వేరు. దాన్ని బయటపెట్టింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన డేవిడ్ సిగ్మన్, 1979లో. ఆయన బృందం నిజానికి డీఎన్ఏను నకలు తీసే ఎంజైమును చదువుతోంది. ఫినాంత్రోలిన్ కలిపితే ఆ ఎంజైము ఆగిపోతోంది. ఎంజైములో జింకు ఉండి, దాన్ని ఫినాంత్రోలిన్ లాగేస్తోందేమో అని అనుకోవడం సహజం. తరచి చూస్తే ఎంజైముకు ఏమీ కాలేదు. ద్రావణంలో కలిసిపోయిన కొద్దిపాటి రాగిని ఫినాంత్రోలిన్ పట్టుకుంటోంది, ఆ సంశ్లిష్టం అక్కడున్న ఆక్సిజన్ సాయంతో డీఎన్ఏనే ముక్కలు చేస్తోంది. మనిషి చేతితో తయారైన అణువు డీఎన్ఏను తెంచిన మొదటి ఉదాహరణల్లో ఇదొకటి. ఒక రాగికి రెండు ఫినాంత్రోలిన్లు.

దీనికి మూలం 1894 నాటి మాట. హెన్రీ ఫెంటన్ ఇనుమును, హైడ్రోజన్ పెరాక్సైడును కలిపితే సేంద్రియ పదార్థం గట్టిగా ఆక్సీకరణ చెందుతుందని చూపాడు. ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇచ్చిపుచ్చుకోగల లోహం, అది ఇనుమైనా రాగైనా, పెరాక్సైడును చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన కణాన్ని పుట్టించగలదు. దానికి ఏది ఎదురైతే దానితో కలిసిపోతుంది. డీఎన్ఏ చక్కెర మీది హైడ్రోజన్‌ను లాగేస్తే చక్కెర చితికి పోగు తెగుతుంది. ఫాస్ఫేట్ బంధం గట్టిదే, దాని జోలికి పోకుండా పక్కనున్న చక్కెరను పడగొడుతుందన్నమాట.

ఇక్కడే పట్టుకోవడానికీ తెంచడానికీ ముడి పడుతుంది. ఆ రాడికల్ ఆయుష్షు సెకనులో వంద కోట్లవ వంతు లెక్కలో ఉంటుంది. పుట్టినచోటు నుంచి కొన్ని నానోమీటర్లకు మించి పోలేదు. కాబట్టి దూరంగా తేలుతున్న లోహం ఎంత రాడికల్ పుట్టించినా డీఎన్ఏకు పెద్దగా తగలదు. పోగును అంటిపెట్టుకున్న లోహం పుట్టిస్తే ఆ చోటే తెగుతుంది. అందుకే మన శరీరం రాగిని, ఇనుమును విడిగా తిరగనివ్వదు. ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ మోసుకెళ్తుంది, ఫెరిటిన్ దాచిపెడుతుంది, రాగికి కాపలా ప్రోటీన్లు వేరే ఉన్నాయి. ఆ కాపలా చెడిన విల్సన్ వ్యాధిలో రాగి పేరుకుని కాలేయాన్ని, మెదడును దెబ్బతీస్తుంది.

ప్రకృతి తన పనికి ఈ ఆక్సీకరణ దారి ఎంచుకోలేదు. బ్యాక్టీరియాలో ఉండే ఈకో ఆర్ వన్ వంటి ఎంజైములు మెగ్నీషియంను పెట్టుకుని, నీటి అణువుతో ఫాస్ఫేట్ బంధాన్నే నేరుగా విడదీస్తాయి. తెగిన కొనలు శుభ్రంగా ఉంటాయి, లైగేజ్ అనే ఎంజైముతో మళ్లీ అతికించవచ్చు. రాడికల్ తెంచిన కొనలు అతకవు, చక్కెర పాడైపోయింది కనుక. ఒక సంశ్లిష్టం ఏ దారిన తెంచిందో చెప్పమంటే కొనలను అతికించి చూపమనడం న్యాయమైన పరీక్ష.

తెగిందని ఎలా చూస్తారంటే, జెల్ మీద. బ్యాక్టీరియా నుంచి తీసిన ప్లాస్మిడ్ డీఎన్ఏ రెండు కొనలు లేని వలయం, తనమీద తాను గట్టిగా మెలితిరిగి ఉంటుంది. అగరోజ్ అనే సముద్రపు నాచు పదార్థాన్ని కాచి, పలకగా గడ్డకట్టించి, ఒక అంచున చిన్న గుంటలు పెడతారు. ఒక గుంటలో ఉత్త డీఎన్ఏ, ఒకదాంట్లో లోహపు లవణం ఒక్కటే కలిపిన డీఎన్ఏ, ఒకదాంట్లో లైగాండ్ ఒక్కటే, ఒకదాంట్లో సంశ్లిష్టం, ఒకదాంట్లో సంశ్లిష్టంతోపాటు పెరాక్సైడు. కరెంటు పెడితే ఋణావేశమున్న డీఎన్ఏ ధన ధ్రువం వైపు పాకుతుంది. గట్టిగా మెలితిరిగిన రూపం బిగువుగా ఉంటుంది కాబట్టి ముందు పోతుంది. ఒక పోగు తెగినా మెలిక సడలి వదులు వలయమవుతుంది, అది అన్నిటికంటే వెనకబడుతుంది. రెండు పోగులూ ఒకేచోట తెగితే నిటారు దారమై నడుమ నిలుస్తుంది. ఎథిడియం బ్రోమైడ్ పట్టించి అతినీలలోహిత దీపం మీద పెడితే నారింజ రంగు గీతలు కనిపిస్తాయి. ముందున్న గీత పలచబడి వెనక గీత గాఢమైతే పోగు తెగినట్టే. ఈ ఎథిడియం బ్రోమైడ్ మన డీఎన్ఏలోకీ దూరగలదు, కాబట్టి చేతి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదని పిల్లలకు గుర్తుచేస్తున్నాను.

కారణం తేల్చడానికీ ఒక ఉపాయముంది. డైమిథైల్ సల్ఫాక్సైడ్ హైడ్రాక్సిల్ రాడికల్‌ను తినేస్తుంది. అది కలిపినప్పుడు తెగడం ఆగితే తెంచింది ఆ రాడికలే. సోడియం అజైడ్ కలిపితే ఆగిందంటే అపరాధి మరో రకం ఆక్సిజన్. ఈడీటీఏ కలిపి లోహాన్ని లాగేస్తే ఆగిందంటే లోహం లేకుండా పని జరగడం లేదన్నమాట. ఇలా ఒక్కొక్కటే అడ్డుపెట్టి అసలు దారి కనిపెడతారు.

తెంచే మందు ఒకటి వైద్యంలో నిజంగానే ఉంది. జపాన్‌లో హమావో ఉమెజావా 1966లో ప్రకటించిన బ్లియోమైసిన్. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి దాన్ని తయారుచేస్తుంది. మొదట వేరుచేసినప్పుడు అందులో రాగి ఉండి నీలంగా ఉండేది, మందుగా వాడేది రాగి తీసేసిన రూపం. శరీరంలో అది ఇనుమును పట్టుకుంటుంది, ఆక్సిజన్‌ను చైతన్యపరుస్తుంది, డీఎన్ఏ మీద గ్వానీన్ పక్కన కొన్ని ప్రత్యేక స్థానాల్లో కూర్చుని అక్కడి చక్కెరను పడగొడుతుంది. హాజ్‌కిన్ లింఫోమా, వృషణాల కేన్సర్లకు ఇచ్చే మందుల కలయికల్లో ఇది ఉంటుంది. ఊపిరితిత్తులను గట్టిపరిచే ప్రమాదమూ ఉంది, కనుక వైద్యులు మోతాదు లెక్క చూసుకుని ఇస్తారు. అణువులో కొంత భాగం డీఎన్ఏను పట్టుకోవడానికి, కొంత భాగం ఇనుమును పట్టుకోవడానికి, ఒక చక్కెర భాగం కణంలోకి దారి చూపడానికి పనికొస్తాయి. మనం ప్రయోగశాలలో కష్టపడి చేయబోయేదాన్ని ఆ చిన్న సూక్ష్మజీవి ఎప్పుడో చేసి పెట్టుకుంది.

ఏడాదికి వందల సంశ్లిష్టాలు, మన రాష్ట్రాల నుంచే ఎన్నో, డీఎన్ఏను తెంచాయని పత్రాలు వస్తున్నాయి. చాలా పత్రాలు చివర్లో కేన్సర్ మందు కాగలదని ముగిస్తాయి. ఆ వాక్యం నాకు నచ్చదు. పరీక్షనాళికలో పెరాక్సైడు పోసి రాగితో డీఎన్ఏను తెంచడం పెద్ద కష్టం కాదు. ఆరోగ్యంగా ఉన్న కణం డీఎన్ఏ కూడా అదే డీఎన్ఏ. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఆ రాగిని దారిలోనే పట్టుకుంటుంది. కణంలో గ్లూటాథయోన్ అనే అణువు సంశ్లిష్టాన్ని విడగొడుతుంది. ఇన్ని దాటుకుని కేన్సర్ కణంలోనే, అందులో కేంద్రకంలోనే, పనిచేయాలి. అనంతపురం నుంచి 1999లో వెళ్లిన పత్రం విలువ వేరే చోట ఉంది. ఒక లైగాండ్‌లో ఆక్సిజన్ ఉన్నచోట సల్ఫర్ పెడితే రాగి ప్రవర్తన ఎలా మారుతుంది, పక్కన పిరిడీన్ చేరితే ఏమవుతుంది అనేవి మూల ప్రశ్నలు. సెమికార్బజోన్ పక్కన థయోసెమికార్బజోన్ పెట్టి పోల్చడంలో ఉద్దేశం అదే. మందు ఎప్పుడు వచ్చినా ఆ జవాబుల మీదే వస్తుంది.

తెంచే చోటును మన చేతిలో ఉంచుకునే ఉపాయం కోసం ఇప్పుడు చాలామంది వెలుతురు వైపు చూస్తున్నారు. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య అఖిల్ ఆర్. చక్రవర్తి బృందం రాగి, ఇనుము, వెనేడియం సంశ్లిష్టాలు చీకట్లో నెమ్మదిగా ఉండి, ఎర్రటి వెలుతురు పడ్డప్పుడే డీఎన్ఏను తెంచేలా చేసే పని ఎన్నో ఏళ్లు చేసింది. ఎరుపే ఎందుకంటే, నీలం, అతినీలలోహిత కాంతి చర్మం దగ్గరే ఆగిపోతుంది, ఎరుపు కొంచెం లోతుకు పోతుంది. గడ్డ ఉన్నచోట మాత్రమే వెలుతురు పెడితే అక్కడే తెగుతుంది, మిగతా ఒంట్లో మందు ఉన్నా ఊరుకుంటుంది. ఈ పద్ధతిని పరీక్షించేటప్పుడు చీకట్లో ఉంచిన నమూనా గుంటను వెలుతురులో ఉంచిన గుంట పక్కనే, ఒకే జెల్ మీద నడపాలి. చీకటి గుంటలో కూడా గీత కదిలితే ఆ సంశ్లిష్టాన్ని పక్కన పెట్టి లైగాండ్ మార్చి మళ్లీ మొదలుపెడతారు.